బూదాఁ సముద్రతీరాలు: ఆయన గీసింది మనుషుల్నా, ఆకాశాన్నా?

తీరవాసి | శనివారం రాత్రి 9:40

పోయిన నెల మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్ళినప్పుడు వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో రెండు పూటలు గడిపాను. మొదటి పూట అన్నీ చూశాను. రెండో పూట ఒక్క బొమ్మ ముందే ఉండిపోయాను. ఫ్రెంచి చిత్రకారుడు యూజెన్ బూదాఁ 1864లో వేసిన ‘వీలెర్వీల్ తీరం’ అది. వెడల్పు ముప్పావు మీటరు, అంతే. ఫ్రాన్సులో నార్మండీ తీరాన ఒక చిన్న ఊరు వీలెర్వీల్. సాయంత్రపు వెలుగులో నిండుగా బట్టలు వేసుకున్న జనం ఇసుక మీద గుంపుగా చేరారు. కొందరు కూర్చున్నారు, కొందరు నిలబడ్డారు. వాళ్ళ మీద, బొమ్మలో సగానికి పైగా, ఆకాశమే.

దగ్గరికి వెళ్ళి చూశాను. ఒక్కరికీ ముక్కూ కళ్ళూ లేవు. గౌను అనుకున్నది నాలుగు కుంచె గీతలు. వెనక్కి నాలుగు అడుగులు వేశానా, ఆ గీతలే చలిగాలికి శాలువా దగ్గరికి లాక్కుంటున్న మనిషి అయిపోయాయి. అలా ముందుకీ వెనక్కీ ఎన్నిసార్లు నడిచానో. కాపలా ఆయన నన్ను చూసి నవ్వాడు కూడా.

నేను ముప్పై ఏళ్ళుగా భీమిలి ఒడ్డున నీటిరంగులు వేస్తున్నాను. మనుషుల్ని పెడితే ఆకాశం చచ్చిపోతుంది, ఆకాశాన్ని పెడితే మనుషులు అతికించినట్టు ఉంటారు. ఈయనకి ఆ రెండూ ఎలా కుదిరాయి? ఇంతకీ ఆయన ఆ ఒడ్డుకి ఎందుకు వెళ్ళాడు, మనుషుల కోసమా, మబ్బుల కోసమా? తెలిసినవాళ్ళు చెప్పండి.

రేవుగాలి | శనివారం రాత్రి 11:15

తీరవాసి గారూ, ఈ పేరు మన వేదికలో చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఉద్యోగరీత్యా ఆరేళ్ళుగా నార్మండీలోని రువాఁ నగరంలో ఉంటున్నాను. వీలు దొరికితే తీరాన ఉన్న ఓంఫ్లర్ ఊరికి వెళ్తాను. బూదాఁ పుట్టింది అక్కడే, 1824 జులై 12న. తండ్రి ఓడ మనిషి. ఈయన కూడా చిన్నప్పుడు పడవ మీద పనికుర్రాడిగా తిరిగాడు. ఇది గుర్తుపెట్టుకోవాలి. ఆకాశాన్ని అందం కోసం చూసేవాడికీ, ఈ మబ్బు గాలివానై మీద పడుతుందా లేదా అని చూసేవాడికీ చూపు వేరు. బూదాఁది రెండో రకం చూపు.

పదేళ్ళు దాటాక కుటుంబం సేన్ నది ముఖద్వారానికి అవతలి ఒడ్డున ఉన్న లె ఆవ్ర్‌కి మారింది. ఆ ముఖద్వారమే అసలు కథ. పెద్ద పోటు రోజుల్లో అక్కడ ఆటుకీ పోటుకీ మధ్య నీటిమట్టం ఎనిమిది మీటర్ల దాకా తేడా వస్తుంది. నీరు వెనక్కి పోయినప్పుడు కనుచూపుమేర తడి ఇసుక అద్దంలా పరుచుకుంటుంది. పైనున్న మబ్బు కిందా కనిపిస్తుంది. ఆయన బొమ్మల్లో ఇసుక ఎప్పుడూ ఇసుక రంగులో ఉండకపోవడానికి కారణం అదే. మీ భీమిలిలో ఆటుపోట్ల తేడా రెండు మీటర్లు కూడా ఉండదు కదా, అందుకే అంత తడి అద్దం మీకు దొరకదు. జూన్‌లో ఇక్కడ పొద్దుగూకేది రాత్రి పది దాటాకే. ఆ ఏటవాలు వెలుగు గంటలకొద్దీ ఉంటుంది.

లె ఆవ్ర్ మ్యూజియానికి ఆయన పోయాక తమ్ముడు లూయీ 1900లో రెండు వందలకు పైగా చిత్తు బొమ్మలు ఇచ్చేశాడు. ఒక గోడ నిండా వాటిని దగ్గర దగ్గరగా తగిలించారు. ఆవులు, పడవలు, ఉత్త మబ్బులు. అమ్మకానికి వేసినవి కావు. అక్కడ నిలబడితే ఒక మనిషి రోజువారీ సాధన కళ్ళముందు ఉంటుంది.

పటాలకొట్టు | ఆదివారం ఉదయం 7:05

నాకు బొమ్మలు వేయడం రాదు. మా నాన్నగారిది బెజవాడలో పటాలు కట్టే కొట్టు, ఇప్పుడు నేను చూస్తున్నాను. బూదాఁ గురించి నాకు తెలిసింది ఒక్కటే, ఆయనది కూడా పటాల కొట్టే! 1844లో ఇరవై ఏళ్ళకి లె ఆవ్ర్‌లో ఒక భాగస్వామితో కలిసి కాగితాలూ కలాలూ అమ్మే కొట్టు పెట్టాడు, అందులోనే పటాలు కట్టేవారు. ఆ ఊరు వచ్చిన చిత్రకారులు అక్కడికి వచ్చేవారు. త్రోయోఁ, మిల్లే లాంటివాళ్ళ బొమ్మలు ఆ కొట్లో ఉండేవి.

పటం కట్టేవాడు బొమ్మని మిగతావాళ్ళలా చూడడు. అంచులు చూస్తాడు. ఏ అంచు దగ్గర ఏం తెగిపోతోంది, కింద బరువు చాలిందా, పైన గాలి ఆడుతోందా అని. ఆయన బొమ్మలు నేను కంప్యూటర్లోనే చూశాను. అన్నిట్లో కింది అంచు దగ్గర ఖాళీ ఇసుక ఒక పట్టీలా వదులుతాడు, జనం దాని పైనుంచి మొదలవుతారు. మనం కూడా ఒడ్డున వాళ్ళకి కొంచెం దూరంగా నిలబడినట్టు ఉంటుంది. ఇది కొట్లో నేర్చుకున్న చూపే అని నా నమ్మకం.

నిర్మొహమాటం | ఆదివారం ఉదయం 10:30

అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి నా మాటా చెప్తాను. 1862 నుంచి దాదాపు పదేళ్ళు ఈయన వేసిన తీరపు బొమ్మలు వరసగా చూడండి. నార్మండీలో అదే త్రూవీల్ ఊరి ఒడ్డు, అదే గొడుగులు, అవే కుర్చీలు, చక్రాల మీద స్నానపు గదులు. డబ్బున్నవాళ్ళు సరదాగా ఒడ్డుకి వచ్చి కూర్చుంటే, వాళ్ళకి నచ్చేలా వేసి అమ్ముకోవడం కాదా ఇది? 1863లో ఫ్రాన్సు మహారాణి యూజెనీ త్రూవీల్ ఒడ్డున షికారు చేస్తున్న బొమ్మ కూడా వేశాడు. అదే కాలంలో మిల్లే పొలంలో నడుం వంచిన కూలీల్ని వేస్తున్నాడు. నాకు మిల్లే బొమ్మలో ఉన్న బరువు ఇక్కడ కనబడదు.

చరిత్రప్రియ | ఆదివారం మధ్యాహ్నం 2:20

నిర్మొహమాటం గారూ, మీరు అడిగిన ప్రశ్న బూదాఁ తనని తానే వేసుకున్నాడు. మీకంటే గట్టిగా వేసుకున్నాడు.

ముందు ఆ జనం ఎక్కడినుంచి ఊడిపడ్డారో చూద్దాం. 1847లో పారిస్ నుంచి లె ఆవ్ర్‌కి రైలు వచ్చింది. 1863లో త్రూవీల్-దోవీల్‌కీ వచ్చింది. అంతకుముందు త్రూవీల్ జాలరి పల్లె. పక్కనున్న దోవీల్ ఇసుకదిబ్బలు, బురద నేల. చక్రవర్తి మూడో నెపోలియన్‌కి సవతి సోదరుడైన మోర్నీ ప్రభువు దాన్ని కొత్త విహారపట్టణంగా కట్టించాడు. సముద్ర స్నానం ఆరోగ్యానికి మంచిదని వైద్యులు చెప్పడం, ఉక్కు చట్రాలతో గంటల్లా ఉబ్బిన క్రినొలిన్ గౌన్ల మోజు, పారిస్‌లో ఎక్కి కొన్ని గంటల్లో ఒడ్డున దిగే సౌకర్యం, అన్నీ ఆ పదేళ్ళలోనే కలిసొచ్చాయి. రైలు దిగిన జనం ఒడ్డున ఏం చేస్తారో కళ్ళారా చూసి పటంలోకి ఎక్కించిన మొదటివాళ్ళలో బూదాఁ ఒకడు. ఆ బొమ్మల్లో చాలావాటిలో ఎవరూ ఈదడం లేదు, గమనించారా? నిండా బట్టలతో గాలికి ఎదురు కూర్చుని ఉంటారు. మారిపోతున్న ఒక సమాజం కొత్తగా తీరిక ఎలా గడపాలో నేర్చుకుంటోంది. చరిత్ర పాఠం చెప్పేదాన్ని కాబట్టి నాకు అవి దస్తావేజులు.

ఇక ఆయన మనసు. 1867 ఆగస్టులో ఫ్రాన్సులోనే ఉన్న బ్రిటనీ ప్రాంతం నుంచి తిరిగొచ్చి స్నేహితుడు మార్తాఁకి ఉత్తరం రాశాడు. నల్ల రొట్టె, నీళ్ళతో సరిపెట్టుకుని పొలంలో ఒళ్ళు వంచి పనిచేసే వాళ్ళ మధ్య నెల రోజులు ఉండి వచ్చాక త్రూవీల్ ఒడ్డు చూస్తే, దర్జా ఒలకబోసే ఆ సోమరుల్ని వేస్తున్నందుకు సిగ్గేస్తోందని దాని సారాంశం. ఆ ఉత్తరంలోనే, అదృష్టవశాత్తూ దేవుడు తన వెలుగుని అన్నిచోట్లా పరిచాడు, మనం వేసేది ఈ లోకాన్ని కాదు, దాన్ని చుట్టుకుని ఉన్నదాన్ని అని కూడా అన్నాడు.

ఏడాది తిరిగేసరికి 1868లో అదే స్నేహితుడికి ఇంకో ఉత్తరం. రైతులకి మిల్లే ఉన్నాడు, ఇంకా వాళ్ళూ వీళ్ళూ ఉన్నారు. మరి పొద్దుగూకే వేళ రేవుగట్టు మీద నడిచే ఈ మధ్యతరగతి మనిషికి బొమ్మలోకి వచ్చే హక్కు లేదా? వాళ్ళలో చాలామంది ఆఫీసుల్లో గొడ్డులా పని చేసి కాస్త ఊపిరి పీల్చుకోవడానికి వచ్చినవాళ్ళే కదా అని. ఈ రెండు ఉత్తరాలూ ఆయనవే. ఒకదాన్ని ఇంకోటి కొట్టేయదు.

చిన్నికుంచె | ఆదివారం సాయంత్రం 6:10

నేను హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ రెండో ఏడాది. మా నోట్సులో బూదాఁ మీద ఒక్క వాక్యం ఉంది, ‘మోనే గురువు’ అని. చరిత్రప్రియ గారి పోస్టు చదివాక ఆ వాక్యం చూస్తే బాధేసింది. తర్వాత అంత పెద్ద చిత్రకారుడైన మోనేకి ఆయన నిజంగా ఏం నేర్పాడు? క్లాసులు చెప్పాడా? ఇంకోటి, ఆయన మబ్బుల బొమ్మల మీద తేదీ, గంట, గాలి కూడా రాసేవాడని ఎక్కడో విన్నాను. నిజమేనా?

రేవుగాలి | ఆదివారం రాత్రి 10:50

నిజమే అమ్మా. దానికి సాక్షి కవి బోద్లేర్. ఓంఫ్లర్‌లో ఆయన తల్లికి ఇల్లుండేది. 1859లో అక్కడికి వచ్చినప్పుడు బూదాఁ గదిలో పాస్టెల్ ముక్కలతో గబగబా వేసిన ఆకాశాలు వందలకొద్దీ చూశాడు. ఆ ఏడు పారిస్‌లో జరిగిన ప్రభుత్వ చిత్రప్రదర్శన ‘సలోన్’ మీద రాసిన వ్యాసంలో వాటి కోసం కొంత చోటు ఇచ్చాడు. ‘అక్టోబర్ 8, మధ్యాహ్నం, వాయవ్యపు గాలి’ తరహాలో బొమ్మ అంచున రాసి ఉండేదట. ఆ రాతని చేత్తో మూసేసినా, బొమ్మ చూసి కాలం, గంట, గాలి చెప్పేయొచ్చు అని బోద్లేర్ రాశాడు. ఆ ఆకాశాల ముందు మనిషి లేని లోటు ఒక్కసారి కూడా అనిపించలేదని కూడా అన్నాడు. అయితే ఇవి సాధన ముక్కలే, పూర్తి బొమ్మలు కావన్న సంగతి బూదాఁకీ తెలుసని ఆయనే చేర్చాడు.

నాకు ఇందులో గొప్పగా అనిపించేది ఇదీ: అంత పొగడ్త వచ్చిన మూడేళ్ళకే బూదాఁ ఆ ఆకాశాల కిందికి మనుషుల్ని తెచ్చి పెట్టాడు. తీరవాసి గారి ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. వెళ్ళింది మబ్బుల కోసం, ఉండిపోయింది మనుషుల కోసం.

మోనే సంగతి. కుర్రాడిగా మోనే లె ఆవ్ర్‌లో ఊరి పెద్దల వ్యంగ్య చిత్రాలు వేసి అమ్మేవాడు. అవి పటాల కొట్టు అద్దాల్లో పెట్టేవారు. అదే కొట్లో బూదాఁ సముద్రాల బొమ్మలు కూడా ఉండేవి. మోనేకి అవి అస్సలు నచ్చేవి కావు, ఆయన్ని కలవడానికీ ఇష్టపడలేదు. చివరికి కలిశాక బూదాఁ అతన్ని ఆరుబయటికి తీసుకెళ్ళాడు. క్లాసూ లేదు, పాఠమూ లేదు. పక్కన కూర్చోబెట్టుకుని తన బొమ్మ తను వేసుకున్నాడు. కళ్ళకి కట్టిన తెర చిరిగినట్టయిందని మోనే తర్వాత చెప్పుకున్నాడు. 1858లో రువెల్ పల్లె దగ్గర ఇద్దరూ కలిసి వేశారు. మోనే వేసిన ఆ పచ్చటి వాగు బొమ్మ ఆ ఏడే లె ఆవ్ర్ ప్రదర్శనలో పెట్టారు. అప్పటికి అతనికి పదిహేడేళ్ళు.

తీరవాసి | సోమవారం ఉదయం 5:50

రేవుగాలి గారూ, ‘వెళ్ళింది మబ్బుల కోసం, ఉండిపోయింది మనుషుల కోసం’ అన్నారు. రాత్రంతా అదే తిరిగింది నాలో. కానీ నేను బొమ్మ ముందు నిలబడి చూసింది కొంచెం వేరు. ఆ జనాన్ని ఆయన ఆకాశంతోనే చేశాడు! పైన మబ్బులో వాడిన బూడిద రంగుని కాస్త మార్చి కింద గౌన్లలో పెట్టాడు. మబ్బు తెలుపే గొడుగు తెలుపు. ఒక్కచోట మాత్రం ఎరుపు చుక్క. ఆ చుక్క వేరుగా ఉండబట్టి మిగతావన్నీ ఒక గాలిలో ఉన్నాయని తెలుస్తుంది. నా బొమ్మల్లో మనుషుల్ని చివర్లో, వేరే రంగు కలిపి పెడతాను. అందుకే అతికించినట్టు ఉంటారు. ఇన్నాళ్ళకి అర్థమైంది.

చిన్నికుంచె, నీకు పనికొచ్చేది ఒకటి. ఆయన చాలా బొమ్మలు చిన్న చెక్క పలకల మీద వేశాడు. ఒళ్ళో పెట్టుకుని వేసేంత పలక. రేకు ట్యూబుల్లో రంగు అమ్మడం 1841లో మొదలైంది, రాండ్ అనే అమెరికా చిత్రకారుడు కనిపెట్టాడు. పెట్టె చంకన పెట్టుకుని ఒడ్డుకి పోవడం దానివల్లే తేలికైంది. రంగు ఆరకముందే మీద ఇంకో రంగు వేసేవాడు, అందుకే ఆయన మబ్బులకి అంచులు ఉండవు. బయట, ఎదురుగా చూస్తూ వేసిన మూడు గీతలు గదిలో రెండు రోజుల పనికంటే మేలని ఆయన మాట. దాన్ని గోడ మీద రాసిపెట్టుకో.

నిర్మొహమాటం | సోమవారం మధ్యాహ్నం 1:15

ఆ రెండు ఉత్తరాల సంగతి నాకు తెలియదు. బరువు లేదన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్కటి మాత్రం అడుగుతాను. ఇంత ముందు చూపున్నవాడు, 1874లో మోనే బృందం, అదే ఇంప్రెషనిస్టుల మొదటి ప్రదర్శనలో ఉన్నవాడు, వాళ్ళతో చివరిదాకా ఎందుకు నడవలేదు?

చరిత్రప్రియ | సోమవారం రాత్రి 8:30

అవును, 1874లో ఫోటోగ్రాఫర్ నదార్ పాత స్టూడియోలో, 35 కాపుసీన్ బులెవార్డ్‌లో జరిగిన ఆ ప్రదర్శనలో బూదాఁ ఉన్నాడు. మోనే లె ఆవ్ర్ రేవు సూర్యోదయం బొమ్మ పెట్టింది కూడా అక్కడే. ఆ తర్వాత వాళ్ళ ప్రదర్శనల్లో ఆయన పాల్గొనలేదు, ప్రభుత్వ సలోన్‌కే బొమ్మలు పంపాడు.

దీన్ని భయం అనుకోకూడదని నా అభిప్రాయం. ఆయన స్వభావమే అది, గుంపులకీ గొడవలకీ దూరం. లె ఆవ్ర్ పురపాలక సంఘం 1851లో మూడేళ్ళు జీతమిచ్చి పారిస్ పంపింది, పెద్ద ఊళ్ళో కుదురుకుని పేరు తెచ్చుకుంటాడని. ఈయన మనసు మాత్రం ఒడ్డు మీదే. ప్రతి వేసవీ నార్మండీకో బ్రిటనీకో పరుగెత్తేవాడు. 1863లో పెళ్ళాడింది కూడా బ్రిటనీ అమ్మాయినే. చాలా ఏళ్ళు ఇబ్బందులే. సాటివాళ్ళు మాత్రం ముందే గుర్తించారు. ఆకాశాల రాజు అన్నాడు కోరో. నీ అంత ఆకాశం తెలిసినవాడు లేడు, నువ్వు దేవదూతవయ్యా అన్నాడు కూర్బే. గుర్తింపు మాత్రం తలపండాకే. 1881లో సలోన్ మూడో తరగతి పతకం. 1883లో వర్తకుడు ద్యురాఁ-రుయెల్ ఒక పూర్తి ప్రదర్శన పెట్టాడు. 1889 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో స్వర్ణం, కానీ భార్య పోయింది ఆ ఏడే. 1892లో ఫ్రాన్సు ప్రభుత్వమిచ్చే లెజియోఁ దొనర్ గౌరవం.

పటాలకొట్టు | సోమవారం రాత్రి 9:15

ఇలాంటి బొమ్మలకి వెడల్పాటి బంగారు ఫ్రేములు కడతారు, ఫోటోల్లో చూశాను. నా కొట్టుకి వస్తే సన్నటి లేత చెక్క కట్టేవాణ్ణి. అంత పసుపు పక్కన ఆ బూడిద రంగు వెలవెలబోతుంది. ఇది పనివాడి బాధ, మరోలా అనుకోకండి.

చిన్నికుంచె | సోమవారం రాత్రి 10:05

మా మేడమ్‌ని అడిగితే ఒకటి చెప్పారు, ఒళ్ళు జలదరించింది. 1870 వేసవిలో మోనే పెళ్ళయిన కొత్తలో కమీల్‌తో త్రూవీల్ వెళ్ళాడట. బూదాఁ, ఆయన భార్య కూడా అప్పుడు అక్కడే. ఆ ఒడ్డున మోనే వేసిన ఒక చిన్న బొమ్మ లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. భూతద్దంలో చూస్తే రంగులో ఇసుక రేణువులు ఇరుక్కుని ఉన్నాయి! గాలికి ఎగిరొచ్చి తడి రంగుకి అంటుకున్నాయి. గురువు చెప్పినట్టు ఒడ్డు మీదే కూర్చుని వేశాడనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

రేవుగాలి | మంగళవారం రాత్రి 12:20

భలే చెప్పావమ్మా.

నిర్మొహమాటం గారి కోసం ఒక బొమ్మ. తీరవాసి గారు చూసిన వాషింగ్టన్ గ్యాలరీలోనే ఉంది, 1894లో వేసిన ‘ఎత్రెతా ఒడ్డున చాకలి స్త్రీలు’. ఎత్రెతా కూడా నార్మండీ తీరపు ఊరే, అక్కడి కొండ అంచుల కింద మంచినీటి ఊటలు ఉన్నాయి. అలలు వెనక్కి పోయినప్పుడు గులకరాళ్ళ మధ్య నీరు పైకి ఉబుకుతుంది. ఊరి ఆడవాళ్ళు ఆ కాస్త సమయంలోనే మోకాళ్ళ మీద కూర్చుని బట్టలు ఉతుక్కునేవారు, పోటు వచ్చేలోపు ముగించాలి. బూదాఁకి అప్పటికి డెబ్భై ఏళ్ళు. తూక్ నది ఒడ్డున కూడా చాకలి స్త్రీలని ఎన్నోసార్లు వేశాడు. ఈ నడుములు వంచిన ఆడవాళ్ళకీ ముక్కూ కళ్ళూ లేవు, త్రూవీల్ గొడుగుల వాళ్ళకి లేనట్టే. ఇద్దరి మీదా అదే జాతి వెలుగు. 1867 ఉత్తరంలో రాసుకున్న మాటని చివరిదాకా నిలబెట్టుకున్నాడు అనిపిస్తుంది నాకు.

1898లో ఆరోగ్యం పూర్తిగా చెడింది. సముద్రం కనిపించేచోటికి తీసుకెళ్ళమన్నాడు. ఆగస్టు 8న దోవీల్‌లో పోయాడు.

నిర్మొహమాటం | మంగళవారం ఉదయం 9:00

చాకలి స్త్రీల బొమ్మ వెతికి చూశాను. చాలాసేపు చూశాను. ధన్యవాదాలు రేవుగాలి గారూ.

తీరవాసి | బుధవారం ఉదయం 8:10

ఆదివారం నుంచి రోజూ పొద్దున్నే ఒడ్డుకి వెళ్ళి అరచేయంత కాగితం మీద ఉత్త ఆకాశం వేస్తున్నాను. నాలుగు అయ్యాయి. వెనకాల తేదీ, గంట, గాలి రాశాను. మూడోది ఇక్కడ పెడుతున్నాను, రాత లేకుండా. బోద్లేర్ పరీక్ష. గంటా గాలీ చెప్పండి.

చిన్నికుంచె | బుధవారం ఉదయం 8:45

పొద్దున్న ఆరుంపావు, ఆరున్నర మధ్య. గాలి సముద్రం మీంచి, తూర్పు నుంచి.

చరిత్రప్రియ | బుధవారం ఉదయం 9:30

ఆరున్నర. నాకూ తూర్పు గాలే అనిపిస్తోంది. మబ్బు కొసలు ఒడ్డు వైపు లాగినట్టున్నాయి.

తీరవాసి | బుధవారం ఉదయం 10:00

గంట ఇద్దరూ దాదాపు సరిగ్గా చెప్పారు, 6:20. గాలి మాత్రం పడమటిది. తెల్లవారి నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది, మా ఒడ్డున తెప్పలవాళ్ళు దాంతోనే లోపలికి పోతారు. కొసలు నేనే అటువైపు లాగాను, చూడకుండా, అలవాటు కొద్దీ. రేపు మళ్ళీ వేస్తాను.